స్వదేశీ యుద్ధ హెలికాప్టర్‌కు ఇంజన్: ఎంపిక, పరీక్షలు, భారతదేశ అనుభవం

విషయ పరిచయం

2022 అక్టోబరు 3న జోధ్‌పూర్ వైమానిక స్థావరంలో 'ప్రచండ్' అనే తేలికపాటి యుద్ధ హెలికాప్టర్ భారత వైమానిక దళంలో చేరింది. దీన్ని రూపొందించి తయారుచేసింది బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్‌ఏఎల్). అందువల్ల దీన్ని స్వదేశీ హెలికాప్టర్ అంటున్నాం. అందులో తప్పు లేదు. అయితే దాన్ని పైకి లేపే రెండు ఇంజన్లు ఫ్రాన్స్‌కు చెందిన టర్బోమెకా సంస్థతో కలిసి రూపొందించినవి. తయారయ్యేది బెంగళూరులోనే అయినా, వాటి జన్మస్థానం ఒక్క భారతదేశమే కాదు. అలాంటప్పుడు 'స్వదేశీ' అన్న మాటకు ఎంత బరువు ఇవ్వాలి?

ఈ ప్రశ్నకు ఇంజనీర్లు ఒక విధంగా, సైనికాధికారులు మరో విధంగా, ఆడిట్ అధికారులు ఇంకో విధంగా సమాధానం చెబుతారు. చరిత్ర విద్యార్థులుగా మనం గమనించవలసింది వేరే ఉంది. ఒక దేశం తన యుద్ధ హెలికాప్టర్‌కు ఇంజన్ ఎంచుకున్నప్పుడు అది కేవలం యంత్రాన్ని ఎంచుకోవడం కాదు. ఎవరి మీద, ఎంతకాలం, ఎంతమేరకు ఆధారపడాలో కూడా అప్పుడే తేల్చుకుంటుంది. ఆ సంగతి ఎంపిక రోజున ఎవరికీ పెద్దగా పట్టదు. ఇరవై ఏళ్ల తర్వాత ఏదో సంక్షోభం వచ్చినప్పుడు తెలుస్తుంది.

నేను చదివింది, చెప్పింది ఆధునిక భారత చరిత్ర; ఇంజనీరును కాను. అందువల్ల ఈ పాఠంలో సాంకేతిక విషయాలను అవసరమైనంత మేరకే, సామాన్య భాషలో వివరిస్తాను. విజ్ఞానశాస్త్రం చదవని విద్యార్థులు కూడా భయపడనక్కరలేదు.

గాలి పలచబడితే ఏమవుతుంది?

ఆధునిక హెలికాప్టర్లలో వాడే ఇంజన్‌ను టర్బోషాఫ్ట్ అంటారు. అది గాలిని లోపలికి పీల్చి, బాగా నొక్కి, అందులో ఇంధనాన్ని మండిస్తుంది. ఆ వేడి వాయువులు టర్బైన్ రెక్కలను తిప్పుతాయి. ఆ తిరుగుడు గేర్‌బాక్స్ ద్వారా హెలికాప్టర్ పైనున్న పెద్ద రెక్కలకు, అంటే రోటర్‌కు, చేరుతుంది.

సముద్రమట్టం నుంచి 5,000 మీటర్ల ఎత్తుకు వెళితే గాలి సాంద్రత సుమారు 60 శాతానికి పడిపోతుంది. దీనివల్ల రెండు నష్టాలు ఒకేసారి కలుగుతాయి. ఇంజన్ పీల్చుకునే గాలి తగ్గి, దాని శక్తి తగ్గుతుంది. రోటర్‌కు ఊతమిచ్చే గాలి కూడా పలచబడి, అదే బరువును నిలబెట్టడానికి మరింత శక్తి కావలసి వస్తుంది. ఇవ్వగలిగేది తగ్గి, కావలసింది పెరుగుతుంది. పైగా ఎండ కాస్తే గాలి ఇంకా పలచబడుతుంది. టర్బైన్ రెక్కలు ఓర్చుకోగల వేడికి ఒక హద్దు ఉంది కాబట్టి, ఇంధనం ఎక్కువ మండించి శక్తి పెంచుకోవడమూ కుదరదు. హిమాలయాల్లో వేసవి మధ్యాహ్నం అంటే పైలట్లు జంకేది అందుకే.

దీనికి ఒక పాత పరిష్కారం ఉంది. కావలసినదానికంటే చాలా పెద్ద ఇంజన్ బిగించి, కింద ఉన్నప్పుడు దాని పూర్తి శక్తిని వాడకుండా ఆపి ఉంచడం. ఎత్తుకు వెళ్లినకొద్దీ ఆ దాచుకున్న శక్తి అక్కరకు వస్తుంది. మన సైన్యం దశాబ్దాలుగా వాడుతున్న చీతా హెలికాప్టర్ రహస్యం ఇదే. ఫ్రెంచి వారి 'లామా' నమూనాకు లైసెన్సు తీసుకుని హెచ్‌ఏఎల్ తయారుచేసిన హెలికాప్టర్ ఇది. దాని ఆర్టూస్ట్-3బి ఇంజన్ సుమారు 870 అశ్వశక్తి ఇవ్వగలదు. కానీ 550 అశ్వశక్తి ప్రాంతంలోనే దానికి హద్దు పెట్టారు. మిగిలినదంతా కొండల కోసం దాచిపెట్టిన సొమ్ము. 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ ఒక లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. అక్కడ ఇంజన్ ఆగిపోయింది, మళ్లీ అంటుకోలేదు. రోటర్‌ను గాలివాటున తిరగనిస్తూ ఆయన క్షేమంగా నేలకు దిగాడు. ఇంజన్ మండాలంటే గాలి ఎంత అవసరమో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

1984 ఏప్రిల్‌లో భారత సైన్యం సియాచిన్ హిమానీనదం మీద పట్టు సాధించింది. ఆ శిబిరాలకు తిండి, మందులు, కిరోసిన్ మోసినవాటిలో, గాయపడినవారిని కిందికి తెచ్చినవాటిలో ముఖ్యమైనవి చిన్న చీతాలే. అదే 1984లో హెచ్‌ఏఎల్ జర్మనీకి చెందిన ఎంబీబీ సంస్థ సహకారంతో కొత్త హెలికాప్టర్ రూపకల్పన మొదలుపెట్టింది. తర్వాత 'ధ్రువ్' అని పేరు పెట్టుకున్నది దీనికే. ఈ రెండు సంఘటనలకు నేరుగా కారణకార్య సంబంధం ఉందని చెప్పలేం. కానీ సియాచిన్ మన హెలికాప్టర్ల ఇంజన్లకు శాశ్వత పరీక్షాధికారి అయింది మాత్రం అప్పటినుంచే.

1998: ఇంజన్ ఆగిన సంవత్సరం

ధ్రువ్ తొలి నమూనా 1992 ఆగస్టు 20న ఎగిరింది. దానికి టర్బోమెకా వారి టిఎం-333 ఇంజన్లు బిగించారు. అవి 1,000 అశ్వశక్తి స్థాయివి. అంతకంటే శక్తిమంతమైన ఇంజన్ కోసం హెచ్‌ఏఎల్ అమెరికా వైపు చూసింది. అక్కడ ఎల్‌హెచ్‌టెక్ అనే భాగస్వామ్య సంస్థ తమ సైన్యపు కొత్త హెలికాప్టర్ 'కమాంచీ' కోసం టి-800 ఇంజన్ తయారుచేస్తోంది. దాని ఎగుమతి రకం పేరు సీటీఎస్-800. ధ్రువ్ నౌకాదళ నమూనా 1995 డిసెంబరులో ఈ ఇంజన్లతోనే ఎగిరింది. కాగితం మీద చూస్తే మంచి ఎంపిక. కొత్త ఇంజన్, ఎక్కువ శక్తి, వెనుక అమెరికా సైన్యపు పెద్ద కొనుగోలు హామీ.

1998 మేలో భారత్ పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపింది. అమెరికా ఆంక్షలు విధించింది. సీటీఎస్-800 దారి మూసుకుపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇంజన్‌లో లోపం లేదు. హెచ్‌ఏఎల్ ఒప్పందం మీరలేదు. హెలికాప్టర్‌తో ఏ సంబంధమూ లేని ఒక రాజకీయ నిర్ణయం, దానికి మరో దేశపు ప్రతిస్పందన, ఇవే ఒక రూపకల్పన దిశను మార్చేశాయి. పోనీ వేరే ఇంజన్ పెట్టుకుందామంటే అది బండికి ఎద్దును మార్చినంత సులువు కాదు. ఇంజన్ మారితే దాన్ని పట్టి ఉంచే బిగింపులు మారాలి, గేర్‌బాక్స్‌కు చేరే తిరుగుడు వేగం సరిపోవాలి, హెలికాప్టర్ బరువు తూగే బిందువు మళ్లీ లెక్కించాలి, ఇంధన నియంత్రణ మారాలి, ఆపైన పరీక్షలన్నీ మొదటినుంచి జరపాలి. హెచ్‌ఏఎల్‌కు మిగిలిన దారి తనకు తెలిసిన టిఎం-333 ఇంజన్‌లోనే కొత్త రకాన్ని తీసుకోవడం. 2002 నుంచి సైన్యానికి అందిన ధ్రువ్‌లు ఆ ఇంజన్‌తోనే వచ్చాయి.

ఆ రాజీ ఖరీదు తర్వాత బయటపడింది. ధ్రువ్ కార్యక్రమంపై కాగ్ 2010లో ఇచ్చిన నివేదికను, వీలైతే, మీరు చదవాలి. మన ప్రభుత్వ రంగ చరిత్రకు అలాంటి ఆధారపత్రాలు తక్కువ. ఇంజన్ శక్తి చాలకపోవడం వల్ల ధ్రువ్ సైన్యం కోరిన ఎత్తులను అందుకోలేకపోయిందని, కొండల మీద పాత చీతాల మీదే ఆధారపడవలసి వచ్చిందని ఆ నివేదిక ఎత్తిచూపింది. 2008 నాటికి 50 శాతం స్వదేశీకరణ అనుకుంటే, ఒక్కో హెలికాప్టర్‌లో సుమారు 90 శాతం సామగ్రి విదేశీ సరఫరాదారుల నుంచే వస్తోందని కూడా చెప్పింది. 'స్వదేశీ' అన్న మాటను లెక్కల పుస్తకం ముందు నిలబెట్టిన నివేదిక అది.

కార్గిల్ వేసిన ప్రశ్న

1999 కార్గిల్ యుద్ధంలో భారత వైమానిక దళం రాకెట్లు అమర్చిన ఎంఐ-17 రవాణా హెలికాప్టర్లను దాడికి వాడింది. మే 28న తోలోలింగ్ ప్రాంతంలో వాటిలో ఒకదాన్ని శత్రువు క్షిపణితో కూల్చాడు; అందులోని నలుగురూ మరణించారు. ఆ తర్వాత హెలికాప్టర్లను ఆ పనినుంచి తప్పించారు. అసలైన దాడి హెలికాప్టర్లు మన దగ్గర లేకపోలేదు. సోవియట్ యూనియన్ నుంచి కొన్న ఎంఐ-25, ఎంఐ-35లు ఉన్నాయి. కానీ అవి బరువైనవి, మైదానాల్లో ట్యాంకుల మీద పోరాడటానికి చేసినవి. ఆయుధాలతో ఆ కొండల మీద నిలబడి పోరాడటం వాటివల్ల అయ్యే పని కాదు.

కనుక కావలసింది ఏమిటో స్పష్టమైంది. సన్నగా, తేలికగా ఉండాలి. ఆయుధాలు మోస్తూ 5,000 మీటర్ల ఎత్తులో దిగి మళ్లీ లేవగలగాలి. అలాంటిది ప్రపంచ మార్కెట్‌లో సిద్ధంగా దొరకలేదు. ఐరోపా మైదానాలను, అరేబియా ఎడారులను దృష్టిలో పెట్టుకుని తయారైన హెలికాప్టర్లకు సియాచిన్ అవసరం ఎందుకు గుర్తుకు వస్తుంది? 2006 అక్టోబరులో ప్రభుత్వం తేలికపాటి యుద్ధ హెలికాప్టర్ రూపకల్పనకు అనుమతి ఇచ్చింది.

శక్తి ఇంజన్

అప్పటికే ఇంజన్ సమస్యకు మరో దారి తెరుచుకుంది. 2003లో హెచ్‌ఏఎల్, టర్బోమెకా కలిసి కొత్త ఇంజన్ రూపొందించడానికి ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రాన్స్‌లో దాని పేరు ఆర్డిడెన్-1హెచ్. మన దేశంలో 'శక్తి'. ఇది 1,400 అశ్వశక్తి తరగతి ఇంజన్. రెండంచెల సంపీడకం, అంటే కంప్రెసర్, దాన్ని తిప్పే ఒక టర్బైన్, రోటర్‌కు శక్తినిచ్చే రెండంచెల టర్బైన్ దీని ప్రధాన భాగాలు. ఇంధనం ఎప్పుడు ఎంత వెళ్లాలో పైలట్ చేతిమీద కాకుండా రెండు మార్గాలున్న కంప్యూటర్ వ్యవస్థ చూసుకుంటుంది. ఒక మార్గం చెడితే రెండోది అందుకుంటుంది.

ఇక్కడ ఎంపికకు మూడు కారణాలు కలిసివచ్చాయనుకోవచ్చు. మొదటిది, 1998లో ఫ్రాన్స్ అమెరికా మాదిరి ఆంక్షలు విధించలేదు. రెండోది, టర్బోమెకాతో హెచ్‌ఏఎల్‌కు ఆర్టూస్ట్ కాలం నుంచి ఉన్న పరిచయం. బెంగళూరు కార్మికుల చేతులకు ఆ ఇంజన్ల నడక తెలుసు. నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైంది మూడోది. ఈసారి హెచ్‌ఏఎల్ కొనుగోలుదారుగా కాక, చిన్నదైనా ఒక వాటా ఉన్న భాగస్వామిగా బల్ల దగ్గర కూర్చుంది. అయినా ఇంజన్ గుండె అనదగ్గ వేడి భాగాల పరిజ్ఞానంలో పైచేయి ఫ్రెంచి వారిదే. భాగస్వామ్యం అన్న మాట విన్నప్పుడల్లా ఎవరి వాటా ఎంత, ఏ భాగంలో అని అడగడం చరిత్రకారుని అలవాటు కావాలి.

శక్తి ఇంజన్‌తో ధ్రువ్ 2007 ఆగస్టులో తొలిసారి ఎగిరింది. యుద్ధ హెలికాప్టర్‌కు రోటర్, గేర్‌బాక్స్ మొదలైనవాటిని ధ్రువ్ నుంచే తీసుకోవాలని ముందే నిర్ణయించారు కాబట్టి, ఇంజన్ కూడా అదే అయింది. దీనివల్ల విడిభాగాలు, పనిముట్లు, మెకానిక్‌ల శిక్షణ అన్నీ ఉమ్మడి అవుతాయి. ఒక చిక్కూ ఉంది. ఒకే ఇంజన్ మీద ఇన్ని హెలికాప్టర్లు నిలబడితే, దానిలో ఏదైనా లోపం బయటపడిన రోజున అన్నీ ఒకేసారి నేలమీద ఉండిపోతాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: 1998 ఆంక్షలు లేకపోతే శక్తి ఇంజన్ పుట్టేదా? మీ సమాధానాన్ని పది వాక్యాల్లో రాయండి. అవును, కాదు అన్న ఒక్క మాట చాలదు, కారణాలు చూపాలి.

పరీక్షలు: బల్ల మీద, నేల మీద, కొండ మీద

ఇంజన్ పరీక్ష అనగానే హెలికాప్టర్‌లో పెట్టి ఎగరవేయడం అనుకుంటాం. నిజానికి అది చాలా ఆలస్యంగా వచ్చే దశ. ముందు ఇంజన్‌ను ఒంటరిగా, గట్టి గోడల గదిలో, దిమ్మెకు బిగించి నడుపుతారు. కొత్త రకం ఇంజన్‌కు ధ్రువపత్రం ఇవ్వాలంటే అంతర్జాతీయ నియమాల ప్రకారం 150 గంటల ఓర్పు పరీక్ష దాటాలి. ఇందులో మామూలు వేగంతో నడపరు. గరిష్ఠ శక్తికి తీసుకెళ్లడం, దించడం, మళ్లీ తీసుకెళ్లడం, ఇలా పదేపదే చేస్తారు. తర్వాత ఇంజన్‌ను పూర్తిగా విప్పి ఒక్కో భాగాన్నీ కొలుస్తారు. నీళ్లు, మంచు లోపలికి పోయినా తట్టుకుంటుందా, టర్బైన్ హద్దుమీరి తిరిగితే ఏమవుతుంది, రెక్క విరిగితే ముక్క ఇంజన్ గోడను చీల్చుకుని బయటికి వస్తుందా, ఇవన్నీ కావాలని చేసి చూస్తారు. పగలగొట్టి చూడటం కూడా పరీక్షలో భాగమే.

రెండు ఇంజన్లున్న హెలికాప్టర్‌కు మరో ముఖ్యమైన పరీక్ష ఉంది. ఒక ఇంజన్ ఆగిపోతే రెండోది కొద్ది నిమిషాలపాటు తన మామూలు హద్దును దాటి శక్తినివ్వాలి. ఆ కొద్ది నిమిషాల్లోనే పైలట్ సురక్షితమైన చోటు వెతుక్కోవాలి. సముద్రమట్టం దగ్గర ఇది సాధ్యమే. సియాచిన్ ఎత్తులో పూర్తి బరువుతో ఉంటే ఒక్క ఇంజన్ నిలబెట్టలేకపోవచ్చు. ఎంత బరువుతో ఎంత ఎత్తుకు వెళ్లవచ్చో నిర్ణయించే పట్టికలు ఈ పరీక్షల నుంచే వస్తాయి.

తర్వాత హెలికాప్టర్ వంతు. తేలికపాటి యుద్ధ హెలికాప్టర్ తొలి నమూనా 2010 ఫిబ్రవరి 4న నేలమీద ఇంజన్లు నడిపించి చూసింది. మార్చి 29న బెంగళూరులో గాలిలోకి లేచింది. మొదటి నమూనా అనుకున్నదానికంటే బరువెక్కింది. ఇంజన్ ఎంత మంచిదైనా ప్రతి అదనపు కిలో ఎత్తులో శిక్షగా మారుతుంది. అందువల్ల తర్వాతి నమూనాల్లో బరువు తగ్గించడమే ఒక యజ్ఞమైంది. 2011 జూన్‌లో రెండోది, 2014 నవంబరులో మూడోది, 2015 డిసెంబరులో నాలుగోది ఎగిరాయి. తేదీల మధ్య ఎడం చూడండి. పత్రికల్లో 'ఆలస్యం' అని కనిపించేదాంట్లో కొంత నిధుల కొరత, కొంత నిర్ణయాల నత్తనడక, కొంత మాత్రం నిజమైన ఇంజనీరింగ్ పని. ఈ మూడింటినీ విడదీయకుండా తీర్పు చెప్పకూడదు.

సముద్రమట్టం దగ్గరి పరీక్షలు 2012లో చెన్నై ప్రాంతంలో జరిగాయి. 2015 ఫిబ్రవరిలో హెలికాప్టర్‌ను లేహ్ తీసుకెళ్లారు. రాత్రంతా మైనస్ 18 డిగ్రీల చలిలో ఆరుబయట వదిలేసి, తెల్లవారాక బయటి సాయం లేకుండా సొంత బ్యాటరీలతోనే ఇంజన్లు స్టార్ట్ చేసి చూశారు. ఇది చిన్న పరీక్షలా కనిపిస్తుంది. చలికాలంలో పాత స్కూటర్‌ను కిక్ కొట్టిన అనుభవం ఉన్నవారికి దీని విలువ అర్థమవుతుంది. నూనె చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. శిబిరంలో ఉన్నప్పుడు దాడి జరిగితే, వేరేచోట నుంచి స్టార్టింగ్ బండి వచ్చేదాకా ఆగడం కుదరదు. 4.1 కిలోమీటర్ల ఎత్తులోనూ ఇంజన్ స్టార్ట్ పరీక్ష జరిపారు.

అదే సంవత్సరం జూన్‌లో జోధ్‌పూర్. అక్కడ 39 నుంచి 42 డిగ్రీల ఎండలో ఎగరవేశారు. ఆ తర్వాత మళ్లీ లడఖ్, ఈసారి వేసవి వేడిలో ఎత్తైన చోట్ల. సియాచిన్ ప్రాంతంలో 13,600 నుంచి 15,800 అడుగుల ఎత్తున్న హెలిప్యాడ్‌ల మీద దిగి, తిరిగి లేచింది. ఇంజన్‌లో ఇంకా శక్తి మిగిలే ఉందని కూడా తేలింది. నా అభిప్రాయంలో ఈ కార్యక్రమానికి అసలైన పుట్టినరోజు ఇదే. జోధ్‌పూర్‌లో జరిగిన వేడుక తర్వాతి సంగతి.

పరీక్షించేవారు, తయారుచేసేవారు ఒకరే కాకూడదు. మన దేశంలో సైనిక విమానాలకు, వాటి ఇంజన్లకు గగనయోగ్యత ధ్రువపత్రం ఇచ్చే బాధ్యత బెంగళూరులోని సెమిలాక్ సంస్థది. 2020 ఆగస్టులో, ఇంకా పెద్ద ఆర్డరు లేకుండానే, తూర్పు లడఖ్‌లో చైనాతో ఉద్రిక్తత వేళ రెండు హెలికాప్టర్లను లేహ్‌కు పంపారు. 2022 మార్చిలో మొదటి 15 హెలికాప్టర్లకు, 2025 మార్చి 28న మరో 156 హెలికాప్టర్లకు ఒప్పందాలు కుదిరాయి. ఈ రెండో ఒప్పందం విలువ సుమారు 62,700 కోట్ల రూపాయలు. వీటిలో 66 వైమానిక దళానికి, 90 సైన్యానికి.

అదే ఇంజన్, మరో రెండు దేశాలు

భారత్‌కు 1998లో దక్కకుండాపోయిన సీటీఎస్-800 కథ అక్కడితో ముగియలేదు. టర్కీ ఇటలీ వారి నమూనా ఆధారంగా టి-129 అనే దాడి హెలికాప్టర్ తయారుచేసుకుని, దానికి ఈ కుటుంబపు ఇంజన్‌నే ఎంచుకుంది. 2018లో పాకిస్తాన్ ఇలాంటివి 30 కొనడానికి ఒప్పందం చేసుకుంది. హెలికాప్టర్ టర్కీది, కొనేది పాకిస్తాన్. కానీ ఇంజన్ ఎగుమతికి అనుమతి ఇవ్వవలసింది అమెరికా. అది రాలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసి పాకిస్తాన్ ఆ ఒప్పందాన్ని వదులుకుంది. అదే హెలికాప్టర్‌ను ఫిలిప్పీన్స్‌కు అమ్మడానికి మాత్రం అనుమతి దొరికింది. టర్కీ ఇప్పుడు టిఎస్-1400 అనే సొంత ఇంజన్ మీద పనిచేస్తోంది. అది 2023 ఏప్రిల్‌లో గోక్‌బే అనే రవాణా హెలికాప్టర్‌లో ఎగిరింది.

చైనా దారి వేరు. జెడ్-10 దాడి హెలికాప్టర్ తొలి నమూనాలకు కెనడాలోని ప్రాట్ అండ్ విట్నీ వారి ఇంజన్లు తెప్పించుకుంది. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ అమెరికాది. ఆ ఎగుమతి అమెరికా చట్టాలకు విరుద్ధమని తేలి, 2012 జూన్‌లో ఆ సంస్థ నేరం అంగీకరించింది. మాతృసంస్థతో సహా 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. చైనా అంతకంటే తక్కువ శక్తి గల తన డబ్ల్యుజెడ్-9 ఇంజన్‌తోనే హెలికాప్టర్‌ను ఉత్పత్తికి తెచ్చి, బరువు తగ్గించుకుని సర్దుకుంది. తక్కువ శక్తి, కానీ తన చేతిలో ఉన్న శక్తి.

కంచన్‌బాగ్ వైపు

ఇంజన్‌లో అన్నింటికంటే కష్టమైన భాగం టర్బైన్ రెక్క. అరచేతిలో ఇమిడే ఆ లోహపు ముక్క ఎర్రగా కాలే వేడిలో, నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ, సాగకుండా, చిట్లకుండా ఉండాలి. మామూలుగా పోతపోసిన లోహంలో అనేక చిన్న స్ఫటికాలు ఉంటాయి. వాటి మధ్య అంచుల దగ్గరే లోహం ముందు బలహీనపడుతుంది. అందువల్ల మొత్తం రెక్కను ఒకే స్ఫటికంగా పెంచుతారు. ఈ పని తెలిసిన దేశాలు చాలా తక్కువ.

హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహపరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్‌ఎల్) నికెల్ ఆధారిత మిశ్రలోహంతో ఇలాంటి రెక్కలు తయారుచేసింది. స్వదేశీ హెలికాప్టర్ ఇంజన్ కార్యక్రమం కోసం వాటిలో 60 రెక్కలను హెచ్‌ఏఎల్‌కు అందించినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఐదు జతలుగా మొత్తం 300 రెక్కలు తయారుచేయాలన్నది లక్ష్యం. హెచ్‌ఏఎల్ సొంతంగా రూపొందిస్తున్న 1,200 కిలోవాట్ల ఇంజన్, హెచ్‌టీఎస్‌ఈ-1200, 2018 ఫిబ్రవరిలో తొలిసారి పరీక్షా దిమ్మె మీద నడిచింది. అది సిద్ధమైతే ఒక ఇంజన్‌తో 3.5 టన్నుల హెలికాప్టర్‌కు, రెండింటితో 5 నుంచి 8 టన్నుల హెలికాప్టర్లకు, అంటే ధ్రువ్‌కు, ప్రచండ్‌కు సరిపోతుంది. బల్ల మీద నడవడానికి, లేహ్‌లో మైనస్ 18 డిగ్రీల తెల్లవారుజామున స్టార్ట్ కావడానికి మధ్య ఎంత దూరం ఉందో ఈ పాఠంలోనే చూశారు. శక్తి ఇంజన్‌కు, భాగస్వామి అనుభవం తోడుగా ఉండి కూడా, 2003 ఒప్పందం నుంచి 2015 సియాచిన్ దాకా 12 సంవత్సరాలు పట్టింది.